నలభై ఒకటో ప్రశ్న

తెలుగులో 'మందు' అనే మాటకు చాకిరీ ఎక్కువ. జ్వరానికి మింగేది మందు, మిరప తోటకు కొట్టేది మందు, యూరియా బస్తాను కూడా మా వైపు మందు బస్తా అనే అంటారు. "మా ఆయన మందు కొట్టిండు" అని ఒకావిడ చెబితే, ఆయన చేలో ఉన్నాడా బెల్టుషాపు ముందు ఉన్నాడా అన్నది ఆమె మొహం చూసి తెలుసుకోవాలి. ఇవేవీ నాకు తెలియనివి కావు. ఏన్కూరు దగ్గర తండాలో పుట్టి, మిరప సాళ్ల మధ్య నడక నేర్చినదాన్ని. అన్నీ తెలిసి కూడా ఒక రోజు నేను ఎదుటివాళ్ల మొహం చూడలేదు. ఆ సంగతి చెప్పుకుంటే తప్ప నాకు మనసు కుదుటపడేలా లేదు.

ఖమ్మంలో మిర్చి కొని, గ్రేడింగ్ చేయించి, విదేశాలకు ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను ఫీల్డ్ ఆఫీసర్‌ని. మా సరుకులో ఎక్కువ భాగం సముద్రం అవతల ఒక పెద్ద కంపెనీ కొంటుంది. వాళ్లు దాన్ని సాసులుగా, మసాలా పొడులుగా చేసి సీసాల్లో అమ్ముతారు. ఆ కంపెనీకి మానవ హక్కుల విధానం అని ఒక కాగితం ఉంది. తమ సీసాలోకి వచ్చే కాయను ఎవరు ఏరారో, ఆ మనిషి ఆరోగ్యానికి, మర్యాదకు తాము కూడా బాధ్యులమని అందులో రాసుకున్నారు. నవ్వుతాలుగా చెప్పడం లేదు, మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మా యాడి, అంటే మా అమ్మ, పెళ్లయిన దగ్గర్నుంచి పరాయి చేలల్లో మిరపకాయలు ఏరింది. తాగడానికి నీళ్లున్నాయా అని ఆమెను ఏ కంపెనీ అడిగిన పాపాన పోలేదు. ఇన్నాళ్లకు ఎవరో అడుగుతున్నారు, ఆ అడిగే పని నాకు దొరికింది అని సంబరపడి చేరాను.

ఆ కాగితాన్ని తెలుగులోకి మార్చింది మనిషి కాదు, కంప్యూటరు. కష్టం చెప్పుకునే ఏర్పాటు అనాల్సిన చోట అది 'మనోవేదన యంత్రాంగం' అని రాసింది. ఆ అక్షరాలతోనే రంగుల పోస్టర్లు అచ్చయి వచ్చాయి. చర్ల అవతల అడవి అంచున ఒక ఊళ్లో నేను ఆ పోస్టరు అతికిస్తుంటే, కూలీల మేస్త్రి దగ్గరికి వచ్చి చదివించుకుంది. ఆమె ఇటువైపు కోయ మనిషి. యాభై దాటి ఉంటాయి, తెలుగు గలగలా మాట్లాడుతుంది.

"గీ యంత్రం ఏడున్నది మేడం? కరెంటుతోని నడుస్తదా?" అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగిందో, ఎగతాళి చేసిందో ఈనాటికీ నాకు తెలియదు.

నా చేతిలో ఒక ట్యాబ్ ఉండేది. అందులో అరవై నాలుగు ప్రశ్నలు. జవాబు సరిగా ఉంటే గడి ఆకుపచ్చగా మారుతుంది, లేకపోతే ఎర్రగా. మా మేనేజర్ సార్‌ది మధిర వైపు. మాట మెత్తన, చూపు గట్టి. "ఎరుపు మిర్చికే ఉండాలమ్మా, మన రిపోర్టులో ఉండకూడదు" అనేవారు. ఒక ఎర్ర గడి పడితే దాని మీద పది ఉత్తరాలు నడుస్తాయి. అందుకని మాకు కొన్ని ఉపాయాలు అలవాటయ్యాయి. దవాఖానా గుర్తున్న తెల్ల పెట్టె ఒకటి మా జీపులో ఉండేది. దూది, కట్టుగుడ్డ, అయోడిన్, మంటకు రాసే ట్యూబు. ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో షెడ్డు దగ్గర చెట్టుకు తగిలించి, ఫొటో తీసి, మళ్లీ జీపులో పెట్టుకునేవాళ్లం. నేను చేరిన మొదటి సీజనులో ఎన్ని ఊళ్ల ఫొటోల్లో అదే పెట్టె ఉందో నాకే గుర్తు లేదు. పోనీ తప్పని తెలియదా అంటే, తెలుసు. వచ్చే ఏడు అన్ని ఊళ్లకూ పెట్టెలు వస్తాయట అని ఎవరో అన్న మాటను పట్టుకుని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

అది మరుసటి ఏడు ఫిబ్రవరి, పోస్టరు అతికించిన ఆ ఊరే. కాయ పండి తోటలు ఎర్రబడ్డాయి. పైనున్న అడవి ఊళ్ల నుంచి, రాష్ట్రం హద్దు అవతలి నుంచి కూలీలు దిగారు. చేల గట్ల మీద ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకుని ఆరేడు వారాలు ఉండిపోతారు. ఇప్ప పూలు రాలే వేళకు తిరిగి వెళ్తారు. మేస్త్రి గుంపులో ఆ ఏడు కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఇరవై, ఇరవై రెండు ఉంటాయి. తలకు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుంది. ఆమెకు తెలుగు రాదు. వారం రోజుల్లో తోటలో నేర్చుకున్న మాటలు నాలుగైదు ఉన్నాయంతే. నీళ్లు, బువ్వ, బస్తా, కాటా, మందు.

ఆ రోజు ఇంకా మూడు ఊళ్లు చూడాలి. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. నేను ట్యాబ్ లోంచి తల ఎత్తకుండా మేస్త్రికి చదివి వినిపిస్తూ పోతున్నాను. నలభై ఒకటో ప్రశ్న, పనిచేసే చోట మందులు అందుబాటులో ఉన్నాయా అని.

"మందులు అందుబాటుల ఉన్నయా అక్కా?"

"అవ్ మేడం. షెడ్డు నిండ ఉన్నయి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. పెట్టె దించే పని తప్పింది. రైతు ఎవరో మంచివాడు, తనే కొని పెట్టాడు అనుకున్నాను. గడి ఆకుపచ్చగా మారింది. ఆ వెంటనే నలభై రెండు. ఎవరి అనుమతీ లేకుండా ఆ మందులు వాడుకోవచ్చని కార్మికులకు చెప్పారా? ఇంతలో కాటా దగ్గర నుంచి కేకేస్తే మేస్త్రి అటు వెళ్లిపోయింది. చెప్పకుండానే టిక్కు పెట్టొచ్చు. కానీ ఆ రోజు నాకు నిజాయితీ పొంగుకొచ్చింది. సాళ్లలో ఉన్న ఆడవాళ్లందరినీ పిలిచి, పంతులమ్మలాగా నిలబడి చెప్పాను.

"చేతులు మండినా, పగిలినా షెడ్డులున్న మందు రాసుకోండ్రి. ఎవర్నీ అడగాల్సిన పని లేదు. అది మీ హక్కు."

చాలామంది మళ్లీ సాళ్లలోకి వంగారు. తల మీద ఆకుపచ్చ గుడ్డ కట్టుకున్న అమ్మాయి మాత్రం నా వైపు చూసి, షెడ్డు వైపు వేలు చూపించి, "మందు?" అంది.

"అవ్. మందు" అన్నాను. చెయ్యి మీద చెయ్యి రుద్ది చూపించాను కూడా. అర్థమైందన్నట్టు తల ఊపింది. నలభై రెండు ఆకుపచ్చగా మారింది.

నాలుగో రోజు పొద్దున ఆఫీసులో ఉండగా రైతు ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి షెడ్డులో మూత తీసి ఉన్న పురుగుల మందు డబ్బా తీసుకుని, పగిలిన చేతులకు మోచేతుల దాకా పూసుకుంది. తల తిరిగి, వాంతులై సాళ్లలోనే పడిపోయింది. ట్రాక్టరు మీద రోడ్డు దాకా తెచ్చి, అక్కడి నుంచి ఆటోలో భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. "ప్రాణానికి పర్వాలేదన్నరు. గనీ మేడమే రాసుకోమని చెప్పిందంటున్నరు. గట్లెందుకు చెప్తరు మేడం?" అన్నాడు. నేను చెప్పలేదు అనబోయి ఆగిపోయాను. ఒక్క నిమిషం పట్టింది నాకు ఆ మాట వెనక్కి తిరిగి వచ్చి తగలడానికి. షెడ్డు నిండా ఉన్నాయి అని మేస్త్రి ఎందుకన్నదో అప్పుడు తెలిసింది. ఫోన్ పెట్టేసి భద్రాచలం బయలుదేరాను.

దవాఖానాలో ఆమె రెండు చేతులకూ కట్లున్నాయి. మేస్త్రి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. తిడుతుందని వెళ్లాను. తిడితే బాగుండేది.

"నువ్వు గా మందు అడిగినవని నాకేమెరుక మేడం? తోటల మందులంటె గవే గద" అంది మేస్త్రి.

"పెట్టె ఉంటది గద అక్కా, తెల్లది. దాంట్ల ఉండే మందులు."

"గా పెట్టెనా? పోయినేడు చెట్టుకు తగిలిస్తివి. అందరిని దూరం జరుగుమంటివి. ఫొటో తీస్తివి, మల్ల జాగ్రత్తగ జీపుల పెట్టుకుంటివి. మీ కంపెనీ దేవుడేమో అనుకున్నం. ఎవ్వరం ముట్టలే."

ఈసారి కూడా ఆమె నవ్వలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంచం మీదున్న అమ్మాయితో తెలుగులో ఏదో అన్నాను, తప్పయిపోయిందనో, తగ్గిపోతుందనో. ఆమె నన్ను చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. మేస్త్రి ఆ మాటలను కోయలోకి మార్చలేదు. మార్చమని అడిగే మొహం నాకు లేదు.

ఆ ఆదివారం తండాకు వెళ్లి యాడికి చెప్పాను. మందు సంగతి, పెట్టె సంగతి అన్నీ చెప్పాను. ఆమె రొట్టెలు చేస్తూ విన్నది. అంతా విని ఒకటే అడిగింది.

"మందు రాసుకోమని చెప్పేముందు ఆ పిల్ల చేతులు చూసినవా?"

చూడలేదన్నాను.

"మిర్చి ఏరేటోళ్లను కలువ పోయి, చేతులు చూడకుంట ఏం చూసినవే?"

ఏం చూశానంటే, ట్యాబ్ చూశాను. అరవై నాలుగు ప్రశ్నల్లో నీ చేతులు చూపించు అనే ప్రశ్న లేదు. నా చిన్నప్పుడు ఏరే రోజుల్లో యాడి సాయంత్రం ఇంటికి వచ్చి మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేది. పిండి పిసకడానికి నన్ను పిలిచేది, నీళ్ల తడి తగిలితే వేళ్లు భగ్గుమంటాయని. గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉండేది. ఆ చేతులు చూస్తూ పెరిగినదాన్ని, ఆ పనే చేసే మనిషి నా ముందు నిలబడి అడుగుతుంటే, ఆమె చేతుల వైపు చూడాలని నాకు తోచలేదు. దానికన్నా సిగ్గు నా జీవితంలో ఇంకోటి లేదు.

ఆ తర్వాత రిపోర్టు రాయాల్సి వచ్చింది. ప్రమాదానికి కారణం అన్న చోట ఎంచుకోవడానికి నాలుగు మాటలున్నాయి. పరికరాల లోపం, వాతావరణం, కార్మికుల అజాగ్రత్త, ఇతర కారణాలు. మేనేజర్ సార్ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు.

"మూడోది పెట్టండమ్మా. నిజమే కదా, అడగకుండా డబ్బా తీసుకుంది."

"అడగకుండా తీసుకోమని చెప్పింది నేనే సార్."

"మీ మాటెందుకండీ మధ్యలో? మూడోది పెడితే ఆ ఒక్క అమ్మాయి పేరు కూలీల లిస్టులోంచి తీసేస్తారు, అయిపోతుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే మనం కొనే ఊళ్ల లిస్టులోంచి ఊరు ఊరే పోతుంది. వాళ్ల పద్ధతి మీకు తెలియదు, నేను పదేళ్లుగా చూస్తున్నాను."

ఆయన చెడ్డవాడు కాదు. పెట్టె ఒకటే ఉందని పైవాళ్లకు రెండుసార్లు రాసి, జవాబు రాక ఊరుకున్న మనిషి. కానీ నాకు కోపం వచ్చింది. సీసా మీద పేరున్న కంపెనీ, తప్పు మా కంపెనీది అంటుంది. మేము రైతుది అంటాం. రైతు మేస్త్రిది అంటాడు. మేస్త్రి ఎవరినీ అనలేక ఊరుకుంటే, చివరికి నాలుగు తెలుగు మాటలు మాత్రమే తెలిసిన అమ్మాయి నెత్తిన పడుతుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఈ నిజం దేవుడితో పాటు నాకు కూడా తెలుసు. ఇతర కారణాలు అనే గడి నొక్కి, కింద ఖాళీలో రాశాను. 'ఆ మందు రాసుకోమని కార్మికులకు చెప్పింది నేను. అది ఏ మందో చూడకుండా చెప్పాను. ఆ ఊళ్లో ప్రథమ చికిత్స పెట్టె లేదు. పోయినేటి ఫొటోలో కనిపిస్తున్న పెట్టె మా జీపులోది.' రాసి పంపాక గుండె తేలికపడింది. ఒప్పుకోవాలి, కాస్త గర్వపడ్డాను కూడా.

వారం తర్వాత వీడియో కాల్. అటువైపు సీసాల కంపెనీ నుంచి ఒక పెద్దావిడ, కళ్లద్దాలు పెట్టుకుని. ముందుగా ఆ అమ్మాయి ఎలా ఉంది అని అడిగింది. మూడు రోజులుంచి పంపించారు, వేళ్ల చర్మం ఊడి వస్తోంది, ఈ ఏడు ఇంక పని చేయలేదు అని చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అది నటన అని నేను అనను. నిజం రాసినందుకు నాకు ధన్యవాదాలు కూడా చెప్పింది. దవాఖానా ఖర్చు తమదేనంది, ఆ మాట నిలబెట్టుకున్నారు.

మరో పది రోజులకు నిర్ణయం వచ్చింది. ఆ ఊరు ప్రమాదం ఎక్కువున్న ప్రాంతం కాబట్టి, అక్కడి మిర్చి ఇకపై కొనవద్దు. దాన్ని బాధ్యతతో తప్పుకోవడం అన్నారు. సార్ "నేను చెప్పలేదా" అని ఒక్క మాట అనలేదు. బయటికి తీసుకెళ్లి చాయ్ తాగించారు. ఆ చాయ్ నాకు దిగలేదు. ఆ ఊరు లిస్టులో ఉన్నంత కాలం అక్కడికి ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరు వెళ్లి, తప్పో ఒప్పో, నీళ్లున్నాయా అని అడిగేవాళ్లు. ఇక అది కూడా లేదు. షెడ్డు అలాగే ఉంది, డబ్బాలు అలాగే ఉన్నాయి, చేతులు అవే. ఆ తోటల కాయ ఖమ్మం యార్డుకు వెళ్లి కుప్పలో కలిసిపోయింది. కుప్పలో కలిశాక ఏ కాయది ఏ ఊరో చెప్పగలిగినవాడు లేడు. అది ఏదో దారిన తిరిగి మా గోదాముకే రాలేదని నేను ఒట్టు పెట్టలేను.

ఉండబట్టక ఆ కంపెనీకి ఒక ఉత్తరం రాశాను. బాధ్యత అంటే ఉండడం కదా, వెళ్లిపోతే ఎలా అవుతుంది, ఒక పెట్టె, కోయ వచ్చిన ఒక మనిషి, డబ్బాలకు తాళం వేసిన గది, ఇవి ఇస్తే సరిపోయేది కదా అని. చాలా మర్యాదగా రెండు వాక్యాల జవాబు వచ్చింది. దానితో పాటు కొత్త ప్రశ్నల పట్టిక పంపారు. నలభై ఒకటో ప్రశ్న మారింది. 'గాయాలకు రాసే మందులు అందుబాటులో ఉన్నాయా?' అని ఉంది. నా ఉద్యోగంలో నేను సాధించిన మార్పు అదొక్కటే. ఆ ప్రశ్న ఏ ఊళ్లో అడగాలో ఆ ఊరు మాత్రం లిస్టులో లేదు.

చాలా రోజులు వాళ్ల మీద కోపంతోనే ఉన్నాను. కోపంలో ఒక సుఖం ఉంది, మన వంక చూసుకోనివ్వదు. ఒక రోజు యాడి ఫోన్‌లో అడిగింది, "ఆ పిల్ల చేతులెట్లున్నయి?" అని. తెలియదన్నాను. దవాఖానా నుంచి వచ్చేశాక నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. లిస్టులో లేని ఊరు, నాకు పని లేని ఊరు. తప్పుకోవడంలో నేను మాత్రం వాళ్లకు ఏం తీసిపోయాను?

మరుసటి సీజనులో ఒక ఆదివారం, ఖమ్మంలో మంటకు రాసే ట్యూబులు ఆరు కొనుక్కుని భద్రాచలం బస్సెక్కాను. అక్కడ దిగి చర్ల బస్సు, ఆ తర్వాత ఆటో. అదే ఊరు, అదే తోట. రైతు నన్ను చూసి పలకరించలేదు, వెళ్లమని కూడా అనలేదు. పోస్టరు సగం చిరిగి ఉంది. మేస్త్రి కాయలు ఏరుతూనే నన్ను చూసింది.

"మల్ల ప్రశ్నలా?"

"లేవు అక్కా. చేతులు చూద్దమని వచ్చిన."

ఆమె పక్క సాలు వైపు తల తిప్పి కోయలో ఏదో కేకేసింది. ఆ అమ్మాయి లేచి వచ్చింది. ఈ ఏడు తలకు పసుపు గుడ్డ. నేను అడగక ముందే రెండు చేతులూ ముందుకు చాపింది. వేళ్ల మీద కొత్త చర్మం పలచగా, లేత రంగులో ఉంది. దాని మీద అప్పుడే కొత్త పగుళ్లు పడ్డాయి. నేను సంచిలోంచి ట్యూబు తీసి ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"గిది మందా?" అంది.

"అవ్."

"కొట్టే మందా, పూసే మందా?"

ఏడాదిలో ఆమె తెలుగు పెరిగింది. అరవై నాలుగు ప్రశ్నలు రాసినవాళ్లకూ, అడిగిన నాకూ తోచని ప్రశ్నను ఆమె తన ఒంటి మీద నేర్చుకుని అడిగింది. మూత తీసి, ముందు నా చేతికే రాసుకున్నాను. వేళ్ల నుంచి మణికట్టు దాకా పూసుకుని, ఆమెకు కనిపించేలా పట్టుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి వాసన చూసింది. నా మొహం చూసింది. తర్వాత మేస్త్రితో ఏదో చెప్పి, సాలులోకి వెళ్లి మళ్లీ వంగింది.

"ఏమంటుందక్కా?"

"రేపు రమ్మంటున్నది. నీ చెయ్యి మంచిగుంటె రాసుకుంటదంట" అంది మేస్త్రి.

మర్నాడు సోమవారం. ఆఫీసుకు సెలవు చెప్పి మళ్లీ భద్రాచలం బస్సెక్కాను.